ఇత్తడి తుపాకీ, తొమ్మిది రోజులు

సత్తార్ భాయ్ పోయాడని మొన్న పొద్దున వాళ్ల పెద్దకొడుకు ఫోన్ చేశాడు. చాయ్ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. రియాద్‌లో ఒకే వర్క్‌షాపులో నాలుగేళ్లు కలిసి పనిచేశాం. అతను డ్రైవర్, నేను ఫిట్టర్. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, నవ్వితే పాన్ గారపట్టిన పళ్లన్నీ కనపడేవి. మనిషి పోయినందుకు దుఃఖం వచ్చింది, అది మామూలే. దాని వెనకే మనసులోకి ఇంకో మాట వచ్చింది, అది మామూలు కాదు. 'ఇక ఇక్కడ ఆ సంగతి తెలిసినవాడు ఎవడూ మిగల్లేదు' అనుకున్నాను. అనుకుని ఒక్క క్షణం తేలికపడ్డాను. స్నేహితుడి చావుకబురు విని తేలికపడ్డ నా బుద్ధి మీద నాకే రోత పుట్టింది. ఇన్నేళ్లుగా పత్రికల్లో కథలు రాస్తున్నాను. ఊళ్లోవాళ్ల తప్పులన్నీ రాశాను, నాది తప్ప. అందుకే ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను.

మేముండేది రియాద్ శివారు సులైలో, గోదాముల వెనక ఒక రేకుల గదిలో. ఆరుగురం. అందరిలో పెద్దవాడు లింగయ్య కాక, మెట్‌పల్లి వైపు తాపీమేస్త్రీ. గదిలో ఆయన చెప్పిందే చట్టం. తెల్లవారకముందే లేచి రెండు చెంబులతో స్నానం ముగించి, పనికి పోయే ముందు గిన్నెలో చింతపండు నానబోసి, దాని మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టేవాడు. సాయంత్రం వచ్చాక బోర్లించిన బకెట్ మీద కూర్చుని పులుసు కాచేవాడు. ఉప్పు డబ్బా వేరేవాళ్లు ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. మా బట్టలకు డీజిల్ వాసన, ఆయన బట్టలకు తడి సిమెంటు వాసన, గదంతా పులుసు వాసన. ఈ మూడూ కలిసిన గాలిని ఇప్పటికీ కళ్లు మూసుకుంటే పీల్చగలను. తొంభై ఒకటిలో కువైట్ యుద్ధం వచ్చినప్పుడు కిటికీకి ప్లాస్టిక్ పట్టా కప్పి టేపు అంటించింది కూడా ఆయనే. పెద్ద పెద్ద కాంపౌండ్లలో ఉన్నవాళ్లకు గ్యాస్ మాస్కులు ఇచ్చారట, మా క్యాంపుకు ఇవ్వలేదు. సైరన్ మోగితే తడి తువ్వాలలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గోడవారగా కూర్చునేవాళ్లం. పాస్‌పోర్టులు వీసా ఇచ్చి పిలిపించుకున్న యజమాని, అంటే కఫీల్ బీరువాలో ఉన్నాయి, మేం తువ్వాలల కింద ఉన్నాం. పోదామన్నా పోయే దారి లేదు.

నేను సిరిసిల్ల మనిషిని. పదమూడేళ్ల వయసు నుంచి సాంచాల మధ్య పెరిగాను. బయటివాళ్లకు పవర్‌లూమ్ అంటే అర్థమవుతుంది గాని మాకవి సాంచాలే. నేను నేసేవాణ్ని కాదు, బాగుచేసేవాణ్ని. ఏ సాంచా ఎక్కడ రాసుకుంటోందో వీధిలో నడుస్తూ చప్పుడు విని చెప్పేవాణ్నని పేరుండేది. ఆ పేరంటే నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. నా భార్య బాలమణి బీడీలు చుట్టేది. చేటలో తంబాకు పోసుకుని వాకిట్లో కూర్చుంటే ఆమె వేళ్లు చూస్తుండగానే కట్ట తయారయ్యేది. ఆ తంబాకు దుమ్ముకే దగ్గు పట్టుకుంది. నేను రియాద్ పోయేనాటికి అది ఉత్త దగ్గే. అప్పటికి బిడ్డ సుజాతకు మూడేళ్లు. యుద్ధం నాటికి ఏడేళ్లు. ఈ మధ్యలో నేను ఒక్కసారే వచ్చి పోయాను.

ఆ రోజుల్లో మాకు ఉత్తరాల కంటే క్యాసెట్లే నయం. ఊరికి పోయే మనిషి చేతిలో ఒక క్యాసెట్ పెడితే, తిరిగొచ్చే మనిషి ఇంకో క్యాసెట్ తెచ్చేవాడు. యుద్ధంలో రాకపోకలు నిలిచిపోయాయి. అది ముగిసిన తర్వాత నాలుగు క్యాసెట్లు ఒక్కసారే వచ్చాయి, పచ్చదారంతో కట్టి. లింగయ్య కాక టేపురికార్డరు తెచ్చి నా ముందు పెట్టి, అందరినీ బయటికి నడిపించి తలుపు దగ్గరగా వేశాడు. మొదటి దాంట్లో బాలమణి గొంతు గట్టిగానే ఉంది. రేడియోలో రియాద్ పేరు విన్నాననీ, బాంబులు పడుతుంటే నీకేం పట్టిందని అక్కడే ఉన్నావనీ తిట్టింది. సుజాత బతుకమ్మ పాట పాడింది. తల్లిని అవ్వ అని, నన్ను బాపు అని పిలిచేది. రెండో దాంట్లో మాట మాటకూ దగ్గు. మూడో దాంట్లో సుజాత 'అవ్వ దగ్గితె రగ్తం పడ్తాంది బాపూ' అంటుంటే వెనక నుంచి బాలమణి 'ఊకో' అని కసిరింది. నాలుగో దాంట్లో ఒక పక్క మొత్తం ఖాళీ. రెండో పక్క తిప్పి వేస్తే చాలాసేపు ఊపిరి చప్పుడు మాత్రమే వినపడింది. తర్వాత, 'ఒక్కసారి అచ్చిపో. పనున్నదంటె ఉండు తియ్. కని అస్తె మంచిగుండు' అంది. అంతే. ఆ ఊపిరి విన్నాక నాకు అనుమానమేమీ మిగల్లేదు. నా చెవి మోసపోయే చెవి కాదు.

మరునాడే కఫీల్ దగ్గరికి పోయాను. మేమంతా ఆయన్ని అబూ సాలెహ్ అనేవాళ్లం. పంపుసెట్లు బాగుచేసే వర్క్‌షాపు ఆయనది. చదువుకునే వయసులో కొన్నేళ్లు అమెరికాలో ఉండి వచ్చాడు. చెడ్డవాడు కాదు, చేయెత్తేవాడు కాదు, ఆలోచించకుండా మాట్లాడేవాడు అంతే. నా అరబ్బీ పనిముట్ల వరకే, కాబట్టి సత్తార్ మధ్యలో నిలబడి చెప్పాడు. భార్యకు ప్రాణం మీదికి వచ్చింది, ఊరికి పోయి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ ముద్ర కొట్టించండి అన్నాను. ఆయన షెడ్డులో వరసగా పడి ఉన్న పంపులు చూపించి, 'బాద్ షహర్' అన్నాడు. నెల తర్వాత. నేను కదలకుండా నిలబడ్డాను. సత్తార్ నా భుజం పట్టి లాగినా కదల్లేదు. అప్పుడాయన నన్ను కాసేపు చూసి, లేచి, ఆఫీసు వెనక గదిలోకి రమ్మన్నాడు.

అక్కడ గోడకు ఒక తుపాకీ ఉంది. ఇత్తడి పెట్టె, పొడుగాటి గొట్టం, కింద చెయ్యి దూర్చే ఇనుప కడియం లాంటి లివరు. అమెరికాలో పశువుల కాపరులు పాతకాలంలో వాడిన తుపాకీకి అది నకలట, ఇటలీలో చేసిందట. లివరు కిందికి తోసి వెనక్కి లాగితే కాల్చిన తూటా డొల్ల పైకి ఎగిరిపోయి, కొత్త తూటా వచ్చి కూర్చుంటుంది. ఆయనా, అమెరికాలో చదివిన ఇద్దరు ముగ్గురు స్నేహితులూ శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ఊరి బయట ఆయన తోటలో చేరి, పెద్ద టోపీలు పెట్టుకుని, పాతిన ఇనుప పలకలను ఎవరు ముందు పడగొడతారో చూసుకునేవారు. దానికి కౌబాయ్ షూటింగ్ అని పేరు. గురి అందరిదీ ఒకటే, గెలిపించేది లివరు వేగం. అబూ సాలెహ్ లివరు మధ్యలో పట్టేసేది, ప్రతిసారీ ఓడిపోయేవాడు. తుపాకీ నా చేతికిచ్చి సత్తార్‌తో ఏదో అన్నాడు. 'గిది నీళ్ల లెక్క నడవాలెనంటుండు. నడిస్తె నెల ఆగుడు లేదు, పేపర్ మీద సంతకం పెడ్తనంటుండు' అన్నాడు సత్తార్.

ఒక మనిషి ఊపిరికి, ఒక ఆటవస్తువు లివరుకు లంకె పడటం ఏమిటని ఇప్పుడు కోపం వస్తుంది. అప్పుడు రాలేదు. అప్పుడు నాకు దారి దొరికినట్టే అనిపించింది. లివరు ఒకసారి ఆడించి చూశాను. లోపల మూడు చోట్ల రాసుకుంటోంది. ఆ మూడు చోట్లూ నాకు చెవితోనే తెలిశాయి.

తుపాకీ ఆ గది దాటి బయటికి రాకూడదు. పొద్దంతా పంపులు చూసి, మధ్యాహ్నం అందరూ నడుం వాల్చే వేళ ఆ గదిలోకి పోయి లోపల గడియ పెట్టుకునేవాణ్ని. తూటాలు నా చేతికివ్వలేదు, అది మంచిదే అయింది. లేత్ మీద ఇత్తడి కడ్డీ తిప్పి అదే కొలతకు పది ఉత్తుత్తి తూటాలు చేసుకున్నాను. పక్క రేకులు విప్పి చూస్తే, కంపెనీవాళ్లు పైపైన మెరుగుపెట్టి లోపల వదిలేశారని తెలిసింది. మిషను కత్తిగాట్లు అట్లాగే ఉన్నాయి. రెండు వైపులా ఉన్న బద్దల్లాంటి స్ప్రింగులు ఎద్దు కూడా లాగలేనంత బిరుసు. సిరిసిల్లలో మా మేస్త్రీ నేర్పిన పద్ధతి ఒకటుంది. ఇనుమును ఆకురాయితో అరగదీయొద్దు, ముందు దాన్నే అడగాలి అనేవాడు. దీపం మసిని నూనెలో కలిపి రాసుకునే చోటల్లా పూసి, వందసార్లు ఆడించి, విప్పి చూస్తే, మసి చెరిగినచోట తెల్లగా మెరుస్తుంది. అక్కడే, అంతమేరకే, సన్నటి ఉప్పుకాగితం నూనెలో తడిపి చెక్కపుల్లకు చుట్టి రుద్దాలి. మళ్లీ మసి, మళ్లీ ఆడించటం. స్ప్రింగులను వెడల్పులో కొంచెం కొంచెంగా సన్నం చేశాను. తూటాను కొట్టే సుత్తిని గుర్రమంటారు. దాన్ని పట్టి ఉంచే గాటును మాత్రం ముట్టుకోలేదు, అది అరిగితే మీట నొక్కకుండానే పేలుతుందని చూడగానే అర్థమైంది.

'అరేయ్ రాజేశం, సగం పనే జెయ్' అన్నాడు లింగయ్య కాక ఒక సాయంత్రం, పులుసు కలుపుతూ. 'జర నడిచేటట్టు జేసి ఇచ్చెయ్. మంచిగ జేస్తె నిన్ను ఇడ్వడు. ఇరువై ఏండ్ల సంది చూస్తున్న ఈ సేట్లను. పనిమంతుని పాస్‌పోర్ట్ ఎన్నడు దొర్కదు, పనిరానోనిదే ముందుగాల దొర్కుతది.' ఆయన మాట నిజమని నాకు తెలుసు. అప్పటికి పన్నెండు రోజులైంది, లివరు పట్టేయటం మానేసింది. ఇచ్చేయొచ్చు. కాని చివరి కొసన ఒక చిన్న గరుకు ఉండిపోయింది, గోరుకు తగిలేంత. దాన్ని వదిలి లేవలేకపోయాను. ఇంకో ఎనిమిది రోజులు ఆ గరుకు కోసం కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఆ గదిలో గడియ పెట్టుకున్న గంటల్లో నాకు బాలమణి గుర్తొచ్చేది కాదు. యుద్ధం గుర్తొచ్చేది కాదు. చాలా ఏళ్ల తర్వాత నా చేతులకు తగిన పని దొరికింది. బయటికి రాగానే ఎండ మొహాన కొట్టినట్టు నాలుగో క్యాసెట్ గుర్తొచ్చేది. మర్నాడు మళ్లీ అదే గదిలోకి ఆత్రంగా పోయేవాణ్ని.

ఇరవయ్యో రోజు తుపాకీ అప్పజెప్పాను. అబూ సాలెహ్ ఒక వేలితో లివరు తోశాడు. చప్పుడు లేదు, కొసన ఒక చిన్న 'టిక్' తప్ప. మళ్లీ తోశాడు, మళ్లీ తోశాడు, పది ఉత్తుత్తి తూటాలూ ఎగిరి నేల మీద పడ్డాయి. 'హరీర్' అన్నాడు. పట్టు అని అర్థం చెప్పాడు సత్తార్. ఆయన నన్ను కౌగిలించుకున్నాడు. మా మేస్త్రీ పోయాక నా పనిని అట్లా చూసినవాళ్లు లేరు, నా ఛాతీ ఉబ్బింది. ఆయన సొరుగులోంచి నా పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాడు. ఇప్పుడే సంతకం పెడతాననీ, రేపటి విమానానికి తనకు తెలిసినవాడితో టికెట్ ఇప్పిస్తాననీ అన్నాడు. లింగయ్య కాక లెక్క తప్పింది. ఈ మాట మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే ముప్పై ఏళ్లకు పైగా దీన్ని దాచాను. ఆ రోజు పాస్‌పోర్టు బల్ల మీద ఉంది.

దాని పక్కనే ఇంకో తుపాకీ ఉంది. స్నేహితుడిది, ఆ పొద్దునే తెచ్చి ఇచ్చాడట. అబూ సాలెహ్ నవ్వుతూ సత్తార్‌తో ఏదో అంటున్నాడు. నేను వినటం లేదు. నా చెయ్యి ఆ రెండో తుపాకీ మీదికి పోయింది, లివరు ఆడించింది. లోపల అంతా గరగర, ఏళ్ల తరబడి నూనె చూడని సాంచా చప్పుడు. జేబులో స్క్రూడ్రైవర్ ఉంది. వాళ్లింకా మాట్లాడుకుంటుండగానే పక్క రేకు మర విప్పాను. మా సాంచాల మెకానిక్కుల్లో ఒక పట్టింపు ఉంది. విప్పిన చెయ్యే బిగించాలి. విప్పి పడేసి లేచిపోయినవాణ్ని మళ్లీ ఏ సాంచా దగ్గరికీ రానివ్వరు.

'రాజేశం, ఇను' అన్నాడు సత్తార్. 'సేట్ అడుగుతుండు. రేపు పోతవా, లేకుంటె దోస్తుది గూడ చేసి వారం దినాలకు పోతవా? నీ ఇష్టమంటుండు. నేనైతె రేపే పొమ్మంట.'

'ఇప్పిన గద' అన్నాను.

'ఏం ఇప్పినవ్? ఒక్క మర. పెట్టెయ్ మళ్ల.'

'వారమే గదా. చేసి పోతనని చెప్పు.'

'జర సోంచాయించు భాయ్. భాబీ సంగతి చెప్పినవ్ గదా నువ్వు.'

'చెప్పు సత్తార్' అని గదిమాను. అతను నా మొహంలోకి చాలాసేపు చూశాడు. అరబ్బీలో అబద్ధం చెప్పేసినా నాకు తెలిసేది కాదు. ఈ మనిషి రేపే పోతానంటున్నాడని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. అతను నమ్మకస్తుడు, నా మాట నా మాటగానే చెప్పాడు. అబూ సాలెహ్ సంతోషంతో నా వీపు తట్టి, పాస్‌పోర్టును మళ్లీ సొరుగులో పెట్టాడు.

మళ్లీ రానివ్వడేమోనని భయపడ్డాననీ, సేటు మాట తీసేయలేకపోయాననీ తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఏదీ నిజం కాదు. పోయి చూడటానికి భయమేసింది. ఇక్కడి గరుకు నా చేతిలో పోతుంది, అక్కడి దగ్గు నా చేతిలో పోదు. అందుకే ఇక్కడే కూర్చున్నాను. ఏడు రోజుల్లో రెండో తుపాకీ కూడా పట్టయింది. ఎనిమిదో రోజు రియాద్‌లోనే మలాజ్ పేటలో ఉన్న టెలిఫోన్ క్యాబిన్‌కు పోయి మా ఊరి ఎస్టీడీ బూతుకు చేస్తే, ఎవరో ఎత్తి 'అంత మంచిగనే ఉన్నది, నువ్వు రా' అన్నారు. ఆ గొంతు సాఫీగా లేదు. సాఫీగా లేదని తెలిసి కూడా, ఉందని నమ్మాను. తొమ్మిదో రోజు విమానం ఎక్కాను. బొంబాయిలో దిగి, బస్సులు మారి, పదకొండో రోజు ఇల్లు చేరాను.

బాలమణి పోయి అప్పటికి వారం. నేను ఆ మర విప్పిన నాలుగో రోజు పోయింది. వాకిట్లో చేట లేదు. బాలమణి తల్లి, మా అత్త, నన్ను చూసి లేవలేదు, కూర్చున్న చోటనే చేతులు చాపి, 'ఆ సేటు ఇడ్వలేదు గద బిడ్డా' అని ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్లంతా అదే మాట అందుకున్నారు. పాస్‌పోర్ట్ గుంజుకుంటరట, మనుషులను పసురాల లెక్క జూస్తరట అని ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. నేను నోరు విప్పనే లేదు. అబద్ధం నా కోసం వండి వార్చి పెట్టి ఉంది. తలూపాను. సుజాత స్తంభానికి ఆనుకుని నిలబడి నేను తలూపటం చూసింది.

ఆ తలూపుతోనే ముప్పై ఏళ్లు గడిపేశాను. తిరిగి రియాద్ పోలేదు. సిరిసిల్లలోనే సాంచాలు చూసుకుంటూ, అప్పుడప్పుడు రాసుకుంటూ ఉండిపోయాను. నన్నందరూ జాలిగా చూశారు, ఆ జాలి తిన్నాను. సుజాత పెరిగి పెద్దదై, పెళ్లై, తన భర్త దుబాయ్ పోతానంటే గడపకు అడ్డం కూర్చుంది. మా అవ్వను ఒక అరబ్బువాడు చంపిండు, నిన్ను పోనియ్య అంది. ఒకసారి సత్తార్ మా ఇంటికొచ్చాడు. సుజాత అతనికి చాయ్ ఇచ్చి, 'ఎసొంటి మనిషి మామా ఆ సేటు? మనసే లేదా?' అని అడిగింది. సత్తార్ గ్లాసులోకి చూసి, 'అల్లా చూస్కుంటడు బిడ్డా' అన్నాడు. బస్టాండు దాకా సాగనంపాను. నేను దాచిన దాన్ని అతను కూడా మోశాడు, నాకోసం. ఇప్పుడు మా వీధి పిల్లలు ఖతార్ నుంచీ రియాద్ నుంచీ రోజూ ఫోన్లో మొహం చూపిస్తారు. కూరేం వండినవని అడుగుతారు, పెళ్లాం దగ్గితే అక్కడ్నుంచే కసురుతారు. వాళ్లను చూసి సంతోషించాలి. నాకు కుళ్లుగా ఉంటుంది. నాకు నాలుగు క్యాసెట్లే ఉండేవనీ, అందుకే మోసపోయాననీ అనుకోబోతాను. అప్పుడు ఆ చివరి క్యాసెట్‌లోని ఊపిరి వినపడుతుంది. దానికంటే స్పష్టంగా ఏ ఫోనూ చెప్పదు.

సత్తార్ పోయిన కబురు వచ్చిన రోజు సాయంత్రమే సుజాతను పిలిపించుకున్నాను. ఆమెకూ ఇప్పుడు నెరిసింది. కూర్చోబెట్టి, ఉపోద్ఘాతం లేకుండా చెప్పాను. 'సేటు సంతకం పెడ్తనన్నడు బిడ్డా. రేపే పొమ్మన్నడు. నేనే పోలేదు. ఇంకో తుపాకి బాగుజెయ్యవడ్తి.' తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె తిట్టలేదు. ఎన్ని రోజుల తేడా అని అడిగింది. చెప్పాను. వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది, రెండోసారి కూడా చూసుకుంది.

'అవ్వ పోయేటందుకు రెండొద్దుల ముంగట బాగ కలవరించింది' అంది. 'మీ బాపు బొంబాయిల దిగిండట అని చెప్పు, పానం నిమ్మలమైతదని అమ్మమ్మ నాతోని చెప్పిచ్చింది. నేను చెవుల చెప్పిన. అవ్వ నవ్వింది. సావుబతుకులల్ల ఉన్న మనిషికి అబద్ధం చెప్తినని గిన్నేండ్ల సంది నేను ఏడ్వని రోజు లేదు.'

సుజాత చీర కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

'నువ్వు తెల్లారి ఎల్లితె, ఆ రోజు బొంబాయిలనే ఉండేటోనివి గద బాపూ.'